గుమ్మం లోపల దాచిన చెప్పులు

నా కూతురికి పెళ్ళి కుదిరింది! వీలునామా ఇలా మొదలుపెట్టకూడదని లాయరమ్మ చెప్పింది. ఉండనీ తల్లీ, అన్నాను. ఇక పద్ధతి ప్రకారం: తాళాలు బాగుచేసి బతికిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నది ఇది. తెలివి ఉంది గాని, మొన్న విన్న కబురు నుంచి ఇంకా తేరుకోలేదు.

1. ఇంతకుముందు రాసిన వీలునామా రద్దు. అందులో నా కూతురి పేరు లేదు. అది తెలిసిన రోజు నా బిడ్డ నాతో మాట్లాడలేదు. పేరు రాయకపోవడానికి కారణం ఇది. విడాకులప్పుడు కోర్టు దానికి భరణం ఇప్పించింది. టీచరు ఉద్యోగం మానిపించి తన తల్లికి సేవ చేయించుకున్నది భర్తే కనుక, పోషించాల్సిందీ ఆయనేనన్నారు జడ్జిగారు. కాని ఆ భరణానికి హద్దులున్నాయి. ఆమెకి ఆస్తి వస్తే తగ్గించమని ఆయన అడగొచ్చు. ఇంకొకరితో కాపురముంటోందని రుజువు చేస్తే ఆపించొచ్చు. మళ్ళీ పెళ్ళయితే ఆగిపోతుంది. మాజీ అల్లుడు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, తక్కెట్లో దుమ్ము కూడా వదలని మనిషి. అందుకే ఇల్లంతా కొడుక్కి రాసి, చెల్లెల్ని చూసుకోరా అని నోటిమాటగా చెప్పాను.

2. ఇకమీదట ముందుగది, వంటగది, పెరడు నా కూతురివి. దాని ఒక్కదాని పేరునే. కొత్త అల్లుడి మీద అనుమానం కాదు. ఈ పెళ్ళి కలిసిరాకపోయినా పాత భరణం తిరిగి రాదట. నా బిడ్డ మరోసారి ఎవరి దయ మీదా నిలబడకూడదు.

3. ముందుగదిలోని ఎత్తువీపు కుర్చీ సెలూనాయనకి. ఆయనే నా కొత్త అల్లుడు! రాస్తుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. మోకాళ్ళు పట్టేసి నేను కదల్లేకపోతే, ఇంటికొచ్చి ఆ కుర్చీలోనే నాకు గడ్డం గీసే మనిషి. మొన్న సగం మొహానికి నురగ, గొంతు దగ్గర కత్తి. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ నా కూతురు, "నాన్నా, కదలకు. మేమిద్దరం పెళ్ళి చేసుకుంటున్నాం" అంది. ఎలా కదలనే తల్లీ! నోరు తెరిస్తే పీక తెగేలా ఉంది. ఆయన సిగ్గుపడి కత్తి మడిచేశాడు, మిగతా సగం గియ్యనేలేదు. సాయంత్రం దాకా అలాగే సగం గడ్డంతో నవ్వుతూ కూర్చున్నాను.

పక్కింటి కిటికీ వదినగారు మాజీ అల్లుడికి దూరపు చుట్టం. మా గుమ్మంలో ఎవరి చెప్పులు కనిపించినా ఆయనకి కబురందేది. అందుకని, "చెప్పులు లోపల పెట్టుకో నాయనా, లేనిపోని మాటొస్తే దాని భరణం పోతుంది" అని సెలూనాయనకి నేనే చెప్పేవాణ్ణి. లేనిదానికి కాపలా కాస్తున్నాననుకున్నాను. తీరా చూస్తే అది ఉండనే ఉంది! ఊళ్ళో తాళాలన్నీ తీసినవాణ్ణి, నా ముందుగది సంగతి కనిపెట్టలేకపోయాను. వాళ్ళు మాత్రం పెళ్ళి అనుకోగానే భరణం వద్దని కోర్టులో అర్జీ పెట్టి, ఆ తర్వాతే నాకు చెప్పారు.

4. మేడ మీది భాగం, నా పనిముట్లు కొడుక్కి. ఒరేయ్, మొహం ముడుచుకోకు. నీ మాట మీద నాకు నమ్మకమే. నీ తర్వాతివాళ్ళు ఆ మాట నిలబెడతారని ఎవరు చెప్పగలరు?

5. మాజీ అల్లుడిచ్చిన గోడగడియారం ఆయనకే పంపేయాలి. ఏనాడూ సరైన టైము చూపించలేదు. అయితే, భరణం ఒక్క నెలా ఎగ్గొట్టలేదు. ఆ మాట కూడా రాయడం న్యాయం.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత లాయరమ్మది.

తేదీ: 14 మార్చి 2019
సంతకం: కూతురి తండ్రి (సంతోషంలో అక్షరాలు గీత దాటాయి)

సాక్షులు: పోస్టుమ్యాన్, వీధి చివరి టైలరు. కుర్చీ వస్తోంది కనుక సెలూనాయన సాక్షి సంతకం చెయ్యకూడదట. పాపం, అప్పటికే పెన్ను తీశాడు.

కబురు చెప్పవలసినవాళ్ళు:

పెద్దక్క. చెవుడు, గట్టిగా చెప్పండి. ఒకటికి రెండుసార్లు చెప్పినా నాకు ఆనందమే.

మరదలు. ఈవిడకి చెబితే తమ్ముడికి వేరే చెప్పక్కర్లేదు.

బావమరిది. "విడాకులైనదాన్ని ఎవరు చేసుకుంటారు" అన్నది ఈయనే. ముందు కూర్చోబెట్టి చెప్పండి.

కిటికీ వదినగారు. ఈవిడకి ఎవరూ చెప్పొద్దు. రేపటి నుంచి చెప్పులు గుమ్మం బయటే విడవమని కొత్త అల్లుడికి చెప్పాను.