మోటరు పెట్టెలో నీ గొంతు

రేయ్ తమ్ముడూ,

ఈ పొద్దుకు నువ్వు పోయి ఏడాది. కరెంటు వస్తే తానే మోటరు ఆన్ చేసి, నీ గొంతుతో ఫోన్ చేసి చెప్పే మోటరు పెట్టె చేసి, "ఎవురైనా చేసుకోండప్పా" అని వీడియోలో అంతా విప్పి చూపించినావే, దాన్నొక కంపెనీ తీసుకునింది. నీ గొంతు కూడా మార్చలేదు.

నువ్వు ఊరికే ఇస్తే బాగలూరులో అందరూ నవ్వినారు. వాళ్లు సీలు వేసి అమ్మితే ఇప్పుడు ప్రతి తోటలోనూ అదే. నువ్వు చేసిచ్చింది కాలిపోయినాక నేనూ కొన్నాను, నీ గొంతు కోసం.

మొన్న అది చెడిపోతే, నువ్వు వీడియోలో చూపించినట్లే మూత విప్పినాను. ఆ కంపెనీవాళ్లు యాడ కూర్చొని చూసినారో, ఆడి నుంచే పెట్టెను లాక్ చేసేసినారు. కృష్ణగిరి లాయరు ఏమన్నాడో తెలుసా? "మీ తమ్ముడు తానే అందరికీ ఇచ్చేసినాడు కదమ్మా, వాళ్ల మీద కేసు నిలవదు. సీలు తీసింది మాత్రం నీ తప్పే."

బాగా ఇచ్చినావు పో, దానకర్ణుడా.

ఈ పొద్దు నీ పేరుతో కాకికి అన్నం పెడతా ఉంటే కరెంటు వచ్చింది. పక్క రోజాతోట ఆమె ఫోన్ స్పీకర్లో, "మోటరు ఆన్ అయిందమ్మా" అన్నావు.

"వీడి గోలొకటి" అని కట్ చేసేసింది.

మీ అక్క