మోరీసు పొగబండిలో నేను ‘ఆయ్’ అన్నందుకు

నాటాలు దేశం, చెరకు తోటల నుంచి

నిత్య సుమంగళి, లక్ష్మీ సమానురాలు అయిన మా అక్కయ్య సూరమ్మ గారికి తమ్ముడు నరసయ్య దండాలు పెట్టి తన చేత్తో రాసుకునే విన్నపం. మన నరసింహస్వామి చల్లని చూపు వల్ల నేనిక్కడ క్షేమం. నువ్వూ, అమ్మా, మీ అత్తగారూ, అంతర్వేది రేవులో మన పడవలవాళ్ళందరూ క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయించు.

చదివి వినిపించే పంతులు గారూ, సుమంగళి అన్న మాట దగ్గర గొంతు తగ్గించకండి. పొరపాటున పడిన మాట కాదండి అది. తెలిసే రాసేను. మళ్ళీ ఒకసారి చదవండి, ఈసారి గట్టిగా.

అక్కా, హనుమంతులవారు సముద్రం దాటి తిరిగొచ్చినప్పుడు దారి కష్టాలు ముందు చెప్పలేదు. చూసేను అన్నారు. తక్కిన కథంతా ఆ తరవాతే. నేనూ అదే పద్ధతి పట్టేను. చూసేను అక్కా. బావని ఈ కళ్ళతో చూసేను, ఈ చేతులతో కావలించుకున్నాను. బావ బతికే ఉన్నాడు.

బావ కూలికెళ్ళిన మోరీసు నుంచి తిరిగొచ్చినవాళ్ళు పోలయ్య అనే మనిషి ఆ దీవిలోనే లేడన్నారు గదా. ఆ మాట పట్టుకునే కదా కులపెద్దలు నీ గాజుల మీద పడ్డారు. బొట్టు తీయించాలి, పదేళ్ళు కావస్తోందన్నారు. నేను ఓడెక్కిన రోజున కూడా వచ్చే మాఘం దాకానే నీకు గడువన్నారు. ఆ పెద్దల్ని పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టు. వాళ్ళు కూర్చున్నాకే పంతులు గారు తక్కినది చదువుతారు.

మద్రాసులో బయల్దేరిన మా ఓడ నడిసముద్రంలో గాలివానకి చిక్కి, తెరచాప కొయ్య విరిగి, బాగు చేయించుకోవడానికి మోరీసు రేవులో ఆగింది. నాటాలు కూలీలం గదా, మమ్మల్ని దిగనివ్వలేదు. ఎదురుగా కొండలు, కొండల కింద చెరకు పచ్చ. బావ ఆ పచ్చలో ఎక్కడో ఉన్నాడు, లేదా ఆ మట్టిలో ఉన్నాడు. రెంటిలో ఏదో తేల్చుకోకుండా కదిలేది లేదని అక్కడే స్వామికి మొక్కుకున్నాను.

ఓడ మీద సాయంత్రాలు నేను తాటాకుల కట్ట విప్పి పురాణం చెప్పేవాణ్ణి. భేదులు తగిలి జనం బెదిరిపోయిన రోజుల్లో ఓడదొర కూడా వచ్చి నిలబడేవాడు. ముక్క అర్థం కాకపోయినా, జనం ఏడుపు ఆగడం చూసేడు. ఆ చనువుతో, ఒక్క పూట ఒడ్డుకి దిగనివ్వమని దుబాసీ చేత అడిగించేను.

‘‘సూర్యుడు నీళ్ళలో దిగేలోగా రేవు మెట్ల దగ్గరుండాలి. లేకపోతే నీ దారి నీది. చీటీ లేకుండా తిరిగే కూలివాణ్ణి ఇక్కడ జైల్లో వేస్తారు’’ అని దొర చెప్పించేడు.

‘‘ఆయ్’’ అన్నాను.

ఒడ్డున మూటలు మోసే అరవ మనిషి ఒకడికి కాస్త తెలుగు వచ్చు. అంతర్వేదివాళ్ళెక్కడ అంటే నవ్వేడు. అక్కడ మనవాళ్ళది ఏ ఊరైనా కోరంగివాళ్ళే అంటారట, కోరంగిలో ఓడెక్కి వస్తారు గనక.

‘‘చెరకెక్కడుంటే అక్కడుంటారు సామీ. నడిచి వెతికితే నెల పడుతుంది. కొత్తగా పొగబండి వేసేరు. అదెక్కి, ఆగినచోటల్లా తల బయటపెట్టి అరువు. నిన్ను చూస్తే అరవడం అలవాటున్నవాడిలాగే ఉన్నావు.’’

పొగబండి సంగతి ఏం రాయమంటావు. ఇనుప కమ్ముల మీద ఇళ్ళు వరసగా కట్టి, ముందొక నల్లటి కొలిమిని పూన్చినట్టుంది. బండి చీటీ కొనుక్కుని చూస్తే సగం బల్లలు ఖాళీ. మన బల్లకట్టు నిండితే గానీ కదలదు గదా, ఇదీ అంతేననుకుని కుళాయి దగ్గర తీరుబడిగా కాళ్ళు కడుక్కుంటున్నాను. కూత పెట్టి కదిలిపోయింది. ఓయ్ అని కేకేస్తే మన సరంగు వెనక్కి తిప్పుతాడు, వీడు తిప్పడు. పరిగెత్తి, తాటాకుల కట్ట చంకలో ఇరికించుకుని, కమ్మీ పట్టుకుని వేళ్ళాడేను. లోపలివాళ్ళు చొక్కా పట్టి లాగేరు. అయినా మెట్టు ముట్టుకుని కళ్ళకద్దుకోవడం మానలేదు. స్తంభంలో ఉన్న స్వామి ఇనుములో లేడా?

ఆగిన ప్రతిచోటా తల బయటపెట్టి ‘‘అంతర్వేది పోలయ్యా’’ అని కేకేసేను. పలికినవాడు లేడు. పొద్దు చూస్తే నడినెత్తికి వస్తోంది. దిగులు మొదలైంది. మొసలి నోట చిక్కిన ఏనుగు ఎంతసేపు పిలిచిందో తలుచుకుని మళ్ళీ కేకేసేను.

అప్పుడు నల్లకోటు వేసుకున్న బండి అధికారి వచ్చి వాళ్ళ భాషలో ఏదో అడిగేడు. చీటీ గురించే అయ్యుంటుందని చీటీ చూపించి, మర్యాదగా ‘‘ఆయ్’’ అన్నాను. అతను ఉలిక్కిపడి కిందకి చూసేడు. నా కాలేమైనా తొక్కేనా అన్నట్టు వెనక్కి జరిగేడు. మళ్ళీ ఏదో అడిగేడు. ‘‘ఆయ్, ఆయ్ అండీ’’ అన్నాను. అంతే, బల్ల మీదవాళ్ళంతా లేచేరు. నన్ను పడుకోబెట్టేరు. ఒకడు కాలు పిసుకుతున్నాడు, ఒకడు పొట్ట నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా నేను ఆయ్ అంటున్నాను, వాళ్ళు ఇంకా గట్టిగా నొక్కుతున్నారు.

కూరలబుట్టతో ఒక అరవ ముసలమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. ‘‘ఎక్కడయ్యా సామీ నొప్పి?’’ అంది తెలుగులో.

‘‘నొప్పేమిటమ్మా? ఆయన అడిగేరు, అవునండీ అనడానికి మా ఊళ్ళో అన్నట్టే ఆయ్ అన్నాను.’’

ఆ తల్లి బుట్ట కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. ‘‘ఈ దీవిలో ఆయ్ అంటే చచ్చేంత నొప్పి అని అర్థం. నీలాంటివాడే ఇంకొకడున్నాడు పైన తోటలో. ఎడ్లబండి తోలతాడు. వచ్చిన కొత్తలో దొర ఏమడిగినా ఆయ్ ఆయ్ అంటే, మళ్ళీ మళ్ళీ వైద్యుడి దగ్గరికి తీసుకుపోయేరట. జబ్బేమీ కనపడలేదు. ఇతగాడి పేరే ఆయ్ కాబోలు అనుకుని అలాగే పిలవడం మొదలెట్టేరు. తల్లి పెట్టిన పేరు ఇప్పుడక్కడ ఎవరికీ తెలీదు.’’

అప్పుడు తెలిసింది అక్కా. పోలయ్య ఆ దీవిలో లేడన్నవాళ్ళు అబద్ధమాడలేదు. వాళ్ళకి తెలిసినవాడు ఆయ్.

ముసలమ్మ చూపించిన చోట దిగేను. కొట్టు ముందు పంచదార బస్తాల బండి నిలిపి, అటు తిరిగి ఒక మనిషి ఎద్దు మెడ మీద రాపిడికి నూనె రాస్తున్నాడు. జుట్టు నెరిసింది, వీపు వంగింది. బావ పేరు పిలవడానికి నోరు రాలేదు. పిలిచి, ఆ మనిషి కాకపోతే?

‘‘ఏమండీ, మీది అంతర్వేదండీ?’’ అన్నాను.

‘‘ఆయ్’’ అన్నాడు, తిరక్కుండానే. అన్నాక చెయ్యి ఆగిపోయింది. మెల్లిగా తిరిగేడు. నన్ను చూసేడు, చంకలో కట్టని చూసేడు.

‘‘ఒరే బామ్మర్దీ, సముద్రం దాటి వచ్చినా నీ పురాణం తప్పలేదురా నాకు’’ అన్నాడు. అని, ఎద్దు మెడ మీద తల పెట్టి ఏడ్చేడు.

నేను ఊరుకోలేదు. కావలించుకుని, వెంటనే కడిగేసేను. ‘‘అక్కడ మా అక్క గాజుల కోసం రోజుకో యుద్ధం చేస్తోంది. నువ్విక్కడ ఎద్దుకి నూనె రాస్తున్నావా? ఇంకో సంసారం ఉందా? కట్ట మీద చెయ్యేసి చెప్పు’’ అన్నాను.

కట్ట మీద చెయ్యేసేడు. ‘‘ఈ రెండు ఎడ్లే నా సంసారం. ఇద్దరి చేత కబురంపేను. ఒకడు ఓడలోనే పోయేడట, రెండోవాడు ఏ గట్టెక్కేడో తెలీదు. ఒప్పందం తీరిన రోజున దొర ఏదో అడిగేడు. కాదంటే బాగుండదని తలూపేను. తరవాత తెలిసింది, ఇంకో ఐదేళ్ళుంటావా అని అడిగేడట.’’

మర్యాద మనవాళ్ళని ఎంతదాకా తెచ్చిందో చూడు. వద్దు అనడానికి అక్కడి భాషలో ‘నోఁ’ అనాలని నేను దిగేముందు ముసలమ్మ నేర్పింది. ముక్కుతో అనాలి. బావని బండి నొగ మీద కూర్చోబెట్టి పలికించేను. ముందు ‘‘నో అండీ’’ అన్నాడు. అండీ తీసెయ్యమని కోప్పడ్డాను. చివరికి ఎడ్లు బెదిరేంత గట్టిగా అన్నాడు. వచ్చే కోతలకి ఒప్పందం తీరుతుంది. ఆ మాట అనేసి, కోరంగి ఓడ ఎక్కుతాడు.

ఇద్దరం ఆయన డబ్బాలో అన్నం తిన్నాం. తిరుగుబండి కూసింది. ఈసారి నేనే ముందు ఎక్కి కూర్చున్నాను. పొద్దున్నటి నల్లకోటాయనే వచ్చి, నవ్వు ఆపుకుంటూ ఏదో అడిగేడు. గుండె నిండా గాలి పీల్చి ‘‘ఆయ్’’ అన్నాను. బండి బండంతా ‘‘ఆయ్’’ అంది. నేను లేచి నిలబడి, ఆ ఊగే బండిలోనే స్వామి స్తంభం చీల్చుకు వచ్చిన ఘట్టం ఎత్తుకున్నాను. ఒక్కరికీ అర్థం కాలేదు, ఒక్కరూ ఆపమనలేదు. రేవు మెట్లు చేరేసరికి సూర్యుడు నీళ్ళని ముట్టుకుంటున్నాడు. కనపడ్డాడా అని దొర సైగ చేసేడు. ఆయ్ అన్నాను. దుబాసీతో పని లేకపోయింది.

ఇక్కడి సంగతులు. నాటాలులో మనకి ఎండలు కాసే నెలల్లో చలి పెడుతుంది, చలికాలంలో ఎండ మండుతుంది. చెరకు నరకడం పని. చేతులు కాయలు కాసేయి గానీ ఒంట్లో బాగానే ఉంది, బెంగ పడవద్దు. బియ్యం ఇస్తారు, మొక్కజొన్న పిండీ ఇస్తారు. చేప దొరుకుతుంది, పులుసు పెడదామంటే చింతపండు లేదు. గోదారి వైపు నుంచి గాలి రాదు గదా, సాయంత్రాలు ఒంటరిగా ఉంటుంది. అప్పుడు కట్ట విప్పుతాను, పదిమంది చేరతారు. బాగానే ఉన్నానని అమ్మకి మరోమారు చెప్పు. ఎవరైనా వస్తుంటే చింతపండూ, స్వామి కల్యాణం కుంకుమా పంపు. అమ్మకీ, మీ అత్తగారికీ నా పాదనమస్కారాలు. మన వీధి పిల్లలకి దీవెనలు. మీ అందరి ఆశీర్వచనం ఉంటే ఈ దేశంలో కూడా స్వామి పేరు నిలబెడతాను.

ఒక్క మాట చివరికి అట్టేపెట్టేను. పెద్దలకి రుజువు కావాలంటే ఇదే.

పొగబండి కదిలేముందు బావ కిటికీ పట్టుకుని చెప్పేడు. ‘‘నేను పడవెక్కిన రోజున, వచ్చేదాకా ఉంటావా అని మీ అక్కని అడిగేను. రేవులో తడిబట్ట పిండుతోంది. కన్నీళ్ళు నాకు కనపడకూడదని అటే తిరిగి ఆయ్ అంది. ఆ సంగతి తనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇక్కడివాళ్ళు నన్ను ఆ పేరుతో పిలిచినప్పుడల్లా మీ అక్క జవాబు వినపడేదిరా. అందుకే అది నా పేరు కాదని ఎవరికీ చెప్పలేదు.’’

ఇప్పుడు మళ్ళీ అదే అడగమన్నాడు. జవాబు పంతులు గారి చేత రాయించి మోరీసుకి వేయించు. తోట పేరు ఈ కాగితం వెనక రాసేను, దానిపైన ఆయ్ అని పేరు రాస్తే చేరుతుంది, లోపలా అదే రాస్తే చాలు. కానీ ముందు, పెద్దలంతా కూర్చున్నారు గదా, లేచి నిలబడి అను అక్కా. ఈసారి అటు తిరిగి కాదు.

నీ తమ్ముడు,
నరసయ్య