జాకీ మెడ కింద పంటిగాట్లు

ఏవండీ,

తబితాను తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. బెల్లం మార్కెట్ నుంచి రాగానే జాకీ దగ్గరికి వెళ్లకండి. పెరట్లో గొలుసుతో కట్టేశాను. రోజూలాగా పిడుదులు ఏరడానికి చెయ్యి పెట్టకండి. నీళ్ల గిన్నెను చీపురుతో దాని ముందుకు నెట్టండి.

వానలకి ఉండకట్టిన బొచ్చు కత్తిరిస్తుంటే మెడ కింద పంటిగాట్లు కనబడ్డాయి. ఎదురింటి ఎర్రిబాబు అన్నయ్యని అడిగితే, "ఆదోరం సెరుకు తోటకాడ దీన్ని కరిసిన కుక్కకి పిచ్చంటమ్మా, నిన్న సచ్చిపోయింది. అది కరిసిందని నీకు సెప్పొద్దన్నాడు మీ ఆయన, బెంగెట్టుకుంటావని" అన్నాడు. నిన్న ఆడుకుంటుంటే జాకీ పన్ను తబితా చేతికి గీసుకుంది. సబ్బుతో చాలాసేపు కడిగాను.

మీరూ చేతులు బాగా కడుక్కుని వెంటనే ఆసుపత్రికి రండి. దాన్ని రోజూ ముట్టుకునేది మీరే కదా. వానాకాలం అది పొలాల నుంచి రాగానే దాని ఒళ్లంతా తడిమి చూడమంటే "దానికేటీ అవదే" అని నవ్వేవారు. బెంగపడతానని నా దగ్గర దాచారు.

రోజలిన్

జాకీని కొట్టి చంపేద్దామని వీధిలో అంటున్నారు. ఎవరొచ్చినా గేటు తీయకండి, ఆసుపత్రికి వచ్చేటప్పుడు తాళం వెయ్యండి. పశువుల డాక్టరుగారికి కబురు పెట్టండి. ఆటో వచ్చేసింది. తబితా గుమ్మంలో నిలబడి, "అమ్మా, జాకీకి కూడా సూదేత్తారా?" అని అడుగుతోంది. వేయిస్తామని మాటిచ్చేశాను.