నీకియ్యని సంతకం

వికారాబాద్

ప్రియమైన మీకు,

ఫోన్ ఎత్తుతలేరు కాబట్టి కాగితం మీద మాట్లాడుతున్న. తమ్ముని చేత పంపుతున్న.

కాన్పుకు అమ్మగారింటికి వచ్చేముందు నా సర్పంచ్ పనులు ఉపసర్పంచ్ అజహరుద్దీన్‌కు అప్పగిస్తూ ఉత్తర్వు రాసిన. అందుకే అలిగిన్రని అత్తమ్మ చెప్పింది. చట్టం ప్రకారం రాతపూర్వకంగ, ఉపసర్పంచ్‌కే అప్పగించాలె. సర్పంచ్ భర్తకు అందుల జాగ లేదు. నేనేం చెయ్యాలె?

డాక్టరమ్మ వచ్చేవారమే అంటున్నది. జర తొందరగ రండి.

మీ కోసం తలుపు దిక్కే చూస్తున్న
మనీషా


తాండూరు

మనీషాకు,

ముందు "ప్రియమైన" అని రాసి కొట్టేసిన. కనబడుతనే ఉంటది, చూసుకో.

నీ ఉపసర్పంచ్ మస్తు కులాసగ ఉన్నడు. నీ కుర్చీలనే కూసుంటడు. నీకు రోజూ ఫోన్ చేస్తడట గద! జెండా పండుగ నాడు మీరిద్దరు నిలబడ్డ ఫొటో మళ్ల మళ్ల చూసిన. మన పెండ్లి ఫొటోలల్ల గూడ నువ్వు గంతగనం నవ్వలే.

చాయ్ హోటల్ చంద్రప్ప అందరి ముంగట, "ఏం మల్లేశన్నా, సర్పంచ్ సాబ్ పోస్టు ఊస్టైందా?" అన్నడు.

అసలు మంట గిది. ఇక్కడ నేను పనిచేసే నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఓనర్ మొగులప్ప, రాళ్లు కోసిన బురదను మన ఊరి వాగు పక్కన పోస్తనని పర్మిషన్ అడిగిండు. "మా ఇంట్ల పనే, అయితది" అని మాటిచ్చిన. అజహరుద్దీన్ కాగితమే ముట్టలే. "నా చేతుల లేదన్నా" అంటడు. సంతకం పెట్టే చెయ్యి వానిదే, లేదనేది వాడే! నా ఇజ్జత్ తీసిండు.

కాన్పుకు ఆయననే పిలుచుకో. నేను రాను.

మల్లేశ్వర్


వికారాబాద్

ప్రియమైన (నేను కొట్టెయ్యలే) మీకు,

అజహరుద్దీన్ అబద్ధం చెప్పలే. అధికారం అప్పగించేటప్పుడు షరతులు పెట్టొచ్చు. ఇసొంటి పర్మిషన్లిచ్చే అధికారం మాత్రం ఆయనకియ్యకుండ నా దగ్గరే పెట్టుకున్న. కాదన్నది ఆయన కాదు, నేను. ఆ వాగుల మన బర్లు నీళ్లు తాగుతయి. పని ఎవరికి అప్పగించినా, రేపు ఊరు నిలదీసేది నన్నే.

ఆయన రోజూ ఎందుకు ఫోన్ చేస్తడో తెలుసా? "వదినా, మల్లేశన్న మాట పోతది, జర ఒప్పుకో" అని బతిమిలాడనీకి. నిన్న కోపమొచ్చి ఫోన్ పెట్టేసిన. మీరు కుళ్లుకోవాలంటే నా మీద కుళ్లుకోండి, మీ వకీలు మీద కాదు.

ఇగ ఆ ఫొటో. తీసిందెవరో మర్చిపోయిన్రా? మీరే. ఫోన్ పట్టుకొని మీరు కోతి చేష్టలు చేస్తుంటే నవ్వాపుకోలేకపోయిన. నేను చూస్తున్నది ఎవరి దిక్కో మళ్లొకసారి చూడండి.

తొట్టెల నాడు బిడ్డ చెవుల పేరు చెప్పేది తండ్రే. అంతకన్న ముందు నొప్పులప్పుడు నేను పట్టుకునే చెయ్యి మీది. దానికి ఉపసర్పంచ్ లేడు. పొద్దటి బస్సెక్కండి.

మీ జాగ ఎవరికీ అప్పగించని
మీ మనీషా