గోడకు తగిలేసిన కార్డు

మంగళవారం, బోథ్

గర్భం రాకుండ సూది వేసుకునే ఆడోళ్లకు నేనే కార్డులిచ్చిన. రక్తం కనబడ్డ రోజు గీత పెట్టమని, మర్వకుండ గోడకు తగిలెయ్యమని చెప్పిన. లక్ష్మి కార్డు నెలంత ఖాళీ. సూది మంచిగ పడ్డదని రాసుకున్న. ఇయ్యాల మళ్ల ఇంటికి పోయి చూస్తే మనిషి పాలిపోయి ఉన్నది.

"దినాం మరక కనబడుతుంది మేడం. గీత పెడితే గోడ మీద మా అత్త చూస్తది. పొయ్యికాడికి రానియ్యది. గన్ని రోజులు పిల్లలకు ఎవలు వండి పెడ్తరు?" అన్నది.

రక్తం పరీక్షకు రేపు దవాఖానకు రమ్మన్న. కడమ ఆడోళ్ల కార్డుల ఖాళీ గళ్లను ఇగ ఎట్ల నమ్మాలె? గోడకు తగిలెయ్యమన్నది నేనే గదా.

నేను సుత నిన్న ముట్టయిన. పొద్దుగూకంగ దేవునికాడ దీపం పెట్టిన. మా అత్తకు చెప్పలే.