ఉండిపోయినవాడి కుర్చీ

జూన్ 3

లట్రీస్ మూటన్ వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర చరిత్ర చదువుకున్న పిల్ల. ఇప్పుడు మా నార్త్ ఎండ్ పేట జునెటీన్త్ పండగ కమిటీకి అధ్యక్షురాలు. చేతిలో పీచ్ పళ్లతో కాల్చిన తీపి పై. అలాంటి పై పట్టుకొచ్చినవాళ్లు మంచి వార్త తేరు.

ఈ ఏడు పండగలో బానిసల విడుదల ఆజ్ఞ నేను చదవక్కర్లేదట. మీరు ఎండలో అంతసేపు నిలబడితే మాకు భయం సార్, ముందు వరసలో గౌరవంగా కూర్చోండి, మైకులో మీ పేరు చెప్పిస్తాం అంది. బతికుండగానే సంతాప సభ అన్నమాట. మరి చదివేదెవరమ్మా అన్నాను. బ్లెడ్సో గారు అంది.

హోసియా బ్లెడ్సో. నా స్నేహితుడు. పొద్దున్నే కలిశాం, కాఫీ తాగాం, ఒక్క ముక్క చెప్పలేదు.

పైలో చక్కెర ఎక్కువ.

జూన్ 4, పొద్దున

చదివే గొంతు నాది కాకపోతే పోయింది. నా భయమంతా ఆ వాక్యం గురించి.

వేరే ఊళ్లలో ఈ పండగ ఎలా చేస్తారో నాకు అనవసరం. మాకు జునెటీన్త్ అంటే కుర్చీలు. 1865లో యుద్ధం గెలిచిన ఉత్తరాది సైన్యం గాల్వెస్టన్‌లో వెలువరించిన ఆజ్ఞ మొదట్లో బానిసలందరూ ఇక స్వతంత్రులని ఉంటుంది. అక్కడ చప్పట్లు. చప్పట్లు ఎవరైనా కొడతారు. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది. విడుదలైనవాళ్లు సద్దు చేయకుండా ఉన్న ఇళ్లలోనే ఉండిపోయి కూలి చేసుకోవాలని. అది చదవగానే మావాళ్లంతా ఒక్కసారిగా లేచి, ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తి, నాలుగడుగులు జరిపి కూర్చుంటారు. లేవలేనివాళ్లను కుర్చీతో సహా ఎత్తి జరుపుతారు. ఉండమన్నారు, మేం ఉండం. అంతే.

మా నాన్నమ్మ చిన్నప్పటికే ఈ ఆచారం ఉంది. నేను చదివిన ఏ చరిత్ర పుస్తకంలోనూ దీని ఊసు లేదు. రాసిన మహానుభావులెవరూ ఆ కుర్చీల్లో కూర్చోలేదు.

ఊళ్లో చమురు రిఫైనరీ వాళ్లు తమ ఖర్చుతో టెంట్లు వేయిస్తున్నారు. మేయరు వస్తాడు. అతిథులకు ఇబ్బందని ఆ వాక్యం ఎగరగొడతారు. నాకు తెలుసు. కమిటీలు అందుకే పుడతాయి.

సాయంత్రం

హోసియా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడో వాడే ఇంటినుంచి మోసుకొచ్చి మా వరండాలో వేసుకున్న కుర్చీ. ఒరేయ్ ఆంబ్రోజ్, నేను కాదంటే టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడి చేత చదివించేవాళ్లురా, వాడికంటే నేను అధ్వానమా అన్నాడు. ఆ వాక్యం చదువుతావా అన్నాను. చదవకేం అన్నాడు. నా మొహం చూసి చెప్పరా, ఉండిపోయినోడా అన్నాను. నవ్వాడు. చదువుతాను పో, నీ మీద ఒట్టు అన్నాడు.

ఆ పేరు పాతది. ఆజ్ఞ వచ్చాక కూడా వాడి పూర్వీకులు దొర పత్తి చేలోనే మూడు తరాలు ఉండిపోయారు. మా ముత్తాత ఆ వారమే మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేశాడు. అలాంటి ఇళ్లవాళ్లను నార్త్ ఎండ్‌లో ఉండిపోయినోళ్లు అంటారు. సరదాకి. యాభై ఏళ్లుగా అంటున్నాను, వాడెప్పుడూ నవ్వుతాడు.

జూన్ 11

హోసియా చర్చిలో ప్రాక్టీస్ చేస్తున్నాడట. నన్ను రావద్దన్నాడు. నువ్వు వింటుంటే పరీక్ష రాస్తున్నట్టుంటుందిరా అన్నాడు. సరే అన్నాను.

జూన్ 18

పార్కుకు వెళ్లి చూశాను. తెల్లటి మడత కుర్చీలు, వరసకు వరస ప్లాస్టిక్ పట్టీలతో బిగించి కట్టేశారు. కుర్చీలు వేస్తున్నతన్ని అడిగితే, ఫైర్ స్టేషన్ వాళ్ల రూలు పెద్దాయనా, అడ్డదిడ్డంగా జరిపితే ఒప్పుకోరు అన్నాడు. జరపడానికే కదయ్యా వచ్చేది అన్నాను. నన్ను నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

లట్రీస్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. హోసియాకు చేశాను. నువ్వు కంగారుపడకు, పట్టీలు కోసేద్దాంలే అన్నాడు.

గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెర చొక్కా జేబులో పట్టింది.

జూన్ 19

ఇప్పుడే వచ్చాను. చొక్కా కూడా విప్పలేదు.

పొద్దున్నే వెళ్లి ముందు వరస పట్టీలు కోశాను. ఎవరూ ఆపలేదు. జనం వచ్చారు. పొగ, మాంసం వాసన, ఎర్ర సోడా, పిల్లల అరుపులు. మిస్ ఓజెల్లాను మనవలు తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. తొంభై దాటిన మనిషి. కొత్త టోపీ పెట్టుకుంది. ఈసారి కాస్త మెల్లగా ఎత్తండ్రా, పోయినేడు నా టోపీ పడేశారు అని మనవలను కసురుతోంది. రెండు చేతులతో కుర్చీ గట్టిగా పట్టుకుని ఆజ్ఞ మొదలుకాక ముందు నుంచే సిద్ధంగా ఉంది.

హోసియా వేదిక ఎక్కాడు. వాడి గొంతు మంచిది, ఒప్పుకుంటాను. స్వతంత్రులు అన్నచోట చప్పట్లు మోగాయి. నేను కాళ్లు కూడదీసుకున్నాను. వాడు నా వైపు చూశాడు. చూసి, ఆ వాక్యం చదవకుండానే కాగితం మడిచి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడుగాక అని దిగిపోయాడు. బ్యాండు మొదలైంది.

నేను లేచాను. కుర్చీ ఎత్తాను. ఒక్కణ్ణే. వెనకనుంచి ఎవరో, పెద్దాయన వెళ్తున్నట్టున్నాడు, దారివ్వండి అన్నారు. దారిచ్చారు. కుర్చీ కూడా చేతుల్లోంచి మర్యాదగా తీసుకున్నారు.

మిస్ ఓజెల్లా ఇంకా కుర్చీ పట్టుకునే ఉంది. నన్నెప్పుడూ ఇంటిపేరుతోనే పిలుస్తుంది. ఏమయ్యా టిల్లరీ, నేను గానీ నిద్రపోయానా, నన్నెవరూ ఎత్తలేదేంటి అంది. మీరు నిద్రపోలేదమ్మా అన్నాను.

జూన్ 20

లట్రీస్ వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు. దులిపేశాను. మేయరు కోసం మీ తాతల నోరు నొక్కారు కదమ్మా అన్నాను. ఆమె అంతా విని, సార్, మేం ఒక్క అక్షరం తీయలేదు అంది. హోసియాకు పూర్తి పాఠమే ఇచ్చారట. ఫైర్ వాళ్లతో పోట్లాడి ఒప్పించారట, పట్టీలు కోయడానికి పొద్దున్నే మనుషులు వస్తే ముందు వరస ఎవరో అప్పటికే కోసేశారట. మేమూ కుర్చీలు పట్టుకునే కూర్చున్నాం సార్, బ్లెడ్సో గారే ఆపేశారు అంది.

ఆమెకు క్షమాపణ చెప్పాలి. రేపు చెబుతాను.

జూన్ 21

చెప్పలేదు.

జూన్ 22, సాయంత్రం

హోసియా వచ్చాడు. ఏమీ జరగనట్టు తన కుర్చీలో కూర్చున్నాడు.

నేనే అడిగాను. వాడు వీధి వైపు చూస్తూ మొదలుపెట్టాడు. ప్రతి ఏడూ మీరు ఆ కుర్చీలెత్తి నవ్వుతార్రా, మా అమ్మ కూడా లేచి ఎత్తేది, ఇంటికొచ్చాక ఆ రాత్రికి అన్నం ముట్టేది కాదు అన్నాడు. ఉండిపోవడమంటే కాళ్లు బారజాపుకుని కూర్చోవడం అనుకున్నావా, మంచంలో ముసలాళ్లు, చంకలో పసివాళ్లు, వెళ్లినోళ్ల వెనక దొరలు వదిలిన కుక్కలు, అందరూ మీ ముత్తాతలా మూట నెత్తిన పెట్టుకుని వచ్చేస్తే వాళ్లకు నీళ్లు పోసేదెవర్రా అన్నాడు. చదువుదామనే ఎక్కాను, నా నోటితో నావాళ్లను నేను వెక్కిరించలేకపోయాను అన్నాడు.

ఒట్టెందుకు పెట్టావు అన్నాను. పెట్టకపోతే నన్ను ఆ మైకు దగ్గరికి పోనిచ్చేవాడివా అన్నాడు.

అంటే ముందే అనుకున్నాడు. నేను చదివిన పుస్తకాల్లో ద్రోహం చేసిన ప్రతివాడి దగ్గరా ఒక మంచి కారణం ఉంది. మోసపోయినవాడి దగ్గరే ఏమీ ఉండదు. మిస్ ఓజెల్లాకు వచ్చే ఏడు ఉందో లేదో. వాళ్లమ్మ కోసం ఈమెను నేలకు అతికించేశాడు.

ఇదంతా అనలేదు. వాడు లేవబోయాడు. ఎక్కడికిరా, కూర్చో, ఉండిపోయినోడివి కదా అన్నాను. ఎప్పుడూ అనే మాటే.

జూన్ 23

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపేశాను.

వాడు నవ్వలేదు. తన కుర్చీ ఎత్తి చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. మా ఆచారం నాలుగడుగులే. వాడు ఆగలేదు. మలుపు తిరిగేదాకా చూశాను.

వరండా నేలమీద నాలుగు కాళ్ల మచ్చలున్నాయి. అక్కడ మాత్రం రంగు వెలిసిపోలేదు.

నేను ఉన్నచోటే కూర్చుని ఉన్నాను.