క్రేను మీద గుక్కెడు నీళ్ళు

అమ్మకు,

నూట ఎనభై మెట్లెక్కి క్రేను మీద కూర్చునే నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నా దవడ తప్ప అందరూ క్షేమం. నీ మోకాళ్ళ సంగతి రాయి.

ఫోనులో ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నావేమిటని అడిగావు కదా. చెవి ముందు, దవడ కీలు దగ్గర నొప్పి. ఆవలిస్తే టక్కుమంటుంది. నీ అల్లుడు పాపం అన్నీ మెత్తగా ఉడికించి పెడుతున్నాడు. "ఇలాగే సాగితే నాకూ పళ్ళతో పనుండదు" అని సణుగుతున్నాడు కూడా.

పళ్ళ డాక్టరమ్మ నా నోరు చూడకముందే, "రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారు?" అని అడిగింది. పంటికీ నీళ్ళకూ ఏమిటి సంబంధమన్నాను. "ఒంట్లో నీళ్ళు తగ్గితే కండరాలు పట్టేస్తాయి, తల నొస్తుంది, నోరెండుతుంది. కీలు సాఫీగా కదలడానికీ లోపల తడి కావాలి. అలాగని నీళ్ళొక్కటే కారణం అనను. మీరు పళ్ళు కూడా బిగబడుతున్నారు" అంది. నిజమే, బరువు గాల్లో ఉన్నంతసేపూ బిగబడతాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి నాకే తెలియదు! ఇప్పుడు రోజూ అద్దంలో నాలుక చూసుకుంటున్నాను. ఒంటేలు రంగు కూడా చూసుకుంటున్నాను, నవ్వకు.

నీకు చెప్పనిది ఒకటుంది. పొద్దున పైకెక్కితే సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగేదాన్ని కాదు. తాగితే దిగాలి, దిగితే కింద పని ఆగుతుంది. మొన్న ఇనుప కడ్డీల మోపు గాల్లో ఉండగా దవడ పట్టేసింది. మేస్త్రీ సరిగ్గా దాని కిందికే వస్తున్నాడు. వాకీటాకీలో "ఆగు" అందామంటే నోరు తెరుచుకోలేదు. హారను మీద వేసిన చెయ్యి తియ్యలేదు. అతను తలెత్తి చూసి వెనక్కి గెంతాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, చాలా భయపడ్డానమ్మా.

మర్నాడు సూపర్‌వైజరుకు అంతా చెప్పేశాను. పని పోయిందనే అనుకున్నాను. దవడ నయమయ్యేదాకా కింద పని చెయ్యమన్నాడు. ఆ తరువాత పైకెక్కినా మధ్యమధ్యలో దిగడానికి ఒప్పుకున్నాడు. "దిగు తల్లీ, ఎన్నిసార్లయినా దిగు. ఆ కాసేపూ మేమూ కూర్చుంటాం" అన్నాడు మేస్త్రీ.

ఈ అలవాటు నీ దగ్గర నేర్చుకున్నదే. కండక్టరుగా ఇరవై ఏళ్ళు, బస్సు దిగే వీల్లేక, ఎండిన గొంతుతోనే టికెట్లు కొట్టావు. "డ్యూటీ ఉన్న రోజు నీళ్ళ జోలికి పోకు" అని నాకూ చెప్పావు. నిన్ను తప్పుపట్టడం లేదు. ఒక్కటే అడుగుతాను. తినేటప్పుడు నీ దవడ టక్కుమనేది, గుర్తుందా? అక్కా నేనూ లెక్కపెట్టి నవ్వేవాళ్ళం. అప్పుడు నీకు నొప్పిగా ఉండేదా అమ్మా?

ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఆ తరువాత జవాబు రాయి. ఇప్పుడు నిన్ను దిగనివ్వని బస్సేదీ లేదు.

ఇట్లు,
ప్రస్తుతం నేల మీదే ఉన్న నీ చిన్న కూతురు